తరగతిలో ఇమడని పిల్లలకు ఒక చాప, ఒక పూట

(హనుమకొండలో ప్రాథమిక పాఠశాలల టీచర్లు, కొందరు తల్లిదండ్రుల ముందు ఒక రిసోర్స్ టీచర్ మాట్లాడిన మాటలు. కొంచెం సర్ది రాసినవి.)

అందరికీ నమస్తే. పీపీటీ తేలేదు. లైట్లు ఆర్పితే సగం మంది నిద్రపోతారని నాకు తెలుసు, నేను కూడా అటువైపు కుర్చీల్లో కూర్చున్నదాన్నే. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రంలో రిసోర్స్ టీచర్‌ని. అంటే మీ బడికి అప్పుడప్పుడు వచ్చి "ఇట్ల చేస్తే బాగుంటది మేడమ్" అని చెప్పి పోయే మనిషిని, నేను పోయినాక మీరు తిట్టుకునే మనిషిని. తిట్టుకోండి, పర్లేదు, కానీ ఇవాళ కొంచెం సేపు వినండి.

ప్రతి బడిలో ఒక పేరు ఉంటుంది. హెడ్‌మాస్టరుకు తెలుసు, వంట అక్కకు తెలుసు, చుట్టుపక్కల బడులు తిరిగి చూసే సీఆర్పీకి తెలుసు, ఆఖరికి బడి ముందు బఠాణీలు అమ్మే అవ్వకు కూడా తెలుసు. ప్రార్థనలో పక్కవాణ్ని తోస్తాడు, పలక విసిరేస్తాడు, గేటు దూకి పోతాడు. ఇంకో రకం పిల్ల కూడా ఉంటుంది, ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. కిటికీ పక్కన కూర్చుంటుంది, అల్లరి లేదు, మాట లేదు, నోట్‌బుక్కులో బోర్డు మీదిది బొమ్మ గీసినట్టు గీసుకుంటుంది, అందులో ఒక్క ముక్క చదవమంటే చదవలేదు. మొదటివాడి గురించి స్టాఫ్‌రూంలో రోజూ మాట్లాడతాం, రెండో పిల్ల గురించి మార్కులు వేసే రోజే. నన్నడిగితే ఆ పిల్ల గురించే ఎక్కువ టెన్షన్ పడాలి.

ఇద్దరికీ పాఠం ఎక్కట్లేదు. మన దగ్గర ఉన్న మందులు రెండే: గట్టిగా చెప్పడం, అది పనిచేయకపోతే ఇంకా గట్టిగా చెప్పడం. కొట్టడం సంగతి నేను ఎత్తను, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది, అది మీకు తెలిసిందే. రెండో మాట మాత్రం చాలామంది చదవరు. "నీ బుర్రకు ఎక్కదు పో" అనడం కూడా అందులోకే వస్తుంది.

ఇప్పుడు కొంచెం దూరం పోయి వద్దాం. లండన్‌లో హాక్నీ అని ఒక ప్రాంతం, 1960లలో బీద కుటుంబాలు, బయటి దేశాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న చోటు. అక్కడ బడిలో చేరే చిన్నపిల్లల్లో చాలామంది కూర్చోలేరు, కొట్టుకుంటారు, లేదంటే మూల పట్టుకుని నోరు తెరవరు. టీచర్లు వరసపెట్టి సైకాలజిస్టుల దగ్గరికి పంపుతున్నారు. మార్జరీ బాక్సాల్ అనే ఆమె అప్పుడు లండన్ విద్యాశాఖలో సైకాలజిస్టు. ఈ పిల్లలను చూసి ఆమెకు అర్థమైంది ఏమిటంటే, పిల్లాడికి ఐదేళ్లు వచ్చినా, రెండు మూడేళ్లప్పుడు పెద్దవాళ్ల ఒళ్లో అలవాటు కావాల్సినవి ఇంకా కాలేదు: కాసేపు ఆగడం, ఉన్నది పంచుకోవడం, ఏడుపొస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలియడం. అవి లేనివాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి అక్షరాలు చెప్తే వాడు ఏం చేస్తాడు, పారిపోతాడు లేదా తన్నుతాడు. అందుకని 1969లో బడి లోపలే చిన్న గుంపులు మొదలుపెట్టించింది. పది పన్నెండు మంది పిల్లలు, ఒక టీచరు, ఒక సహాయకురాలు. గది సగం తరగతిలాగ, సగం ఇల్లులాగ ఉంటుంది, అందరూ కలిసి కూర్చుని తినే చోటు తప్పకుండా ఉంటుంది. పిల్లల పేర్లు మాత్రం సొంత తరగతి రిజిస్టరులోనే, రోజులో కొంత సేపు అక్కడ కూడా కూర్చుంటారు, రెండు నుంచి నాలుగు టర్ములకు, అంటే ఏడాది అటూ ఇటూగా, పూర్తిగా తమ తరగతికి తిరిగి పోతారు. వీటినే నర్చర్ గ్రూపులు అంటున్నారు. పిల్లలకూ పెద్దలకూ మధ్య అనుబంధం మీద జాన్ బౌల్బీ అనే డాక్టరు చేసిన పని దీనికి ఆధారం. తర్వాత గ్లాస్గో లాంటి ఊళ్లు పెద్ద ఎత్తున పెట్టుకున్నాయి.

"మాకు రెండు గదులు, ఐదు తరగతులు, ఇంట్లో ఉన్నట్టు సోఫా ఎక్కడ వేయాలి మేడమ్" అని అక్కడెవరో గొణుగుతున్నారు, వినబడింది. సోఫా వద్దు. చాప చాలు. దాని గురించే వచ్చాను.

కానీ ముందు ఒక మాట. ఈ సంగతి చెప్పగానే "అంటే తల్లి సరిగ్గా పెంచలేదన్నమాట" అని తలలూపుతారు. ఆ మాటతో నాకు ఒళ్లు మండుతుంది. మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా అటెండెన్స్ రిజిస్టరు తీసి చూడండి, మిరపకాయ ఏరుడు ఎప్పుడు మొదలైందో అందులోనే తెలుస్తుంది. తల్లి పొద్దు పొడవక ముందే ఆటోలో ఇరవై మందితో కలిసి చేనుకు పోతుంది, పిల్లలు లేచేసరికి ఇంట్లో ఉండేది పెద్దక్క, ఆ పెద్దక్కకు తొమ్మిదేళ్లు. మగ్గాల పని కోసం భివండి, సూరత్ పోయిన ఇళ్లున్నాయి, అక్కడ కొన్నాళ్లు, ఇక్కడ కొన్నాళ్లు చదివిన పిల్లలున్నారు. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు పోతే నాన్న అంటే ఫోన్‌లో కనబడే మనిషి, దుబాయి నుంచి రెండేళ్లకోసారి వస్తాడు, వచ్చినప్పుడు పిల్ల దగ్గరికి పోదు. తల్లికి ప్రేమ లేక కాదు, టైమ్ లేక. బాగా డబ్బున్న ఇళ్లలో కూడా ఇలాంటి పిల్లలను చూశాను, అక్కడ ఫోన్ పెంచుతుంది, అంతే తేడా. తల్లిదండ్రులను పిలిచి తిట్టి పంపే టీచరుకు నేను చెప్పేది ఒకటే, కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి ముందు కుర్చీ వేయండి.

సరే, పలక విసిరేవాడి దగ్గరికి వస్తాను. మూడో తరగతి బాబు. వాళ్ల టీచరు నాతో అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది, "మేడమ్, వీడు ఒక్కనితోని క్లాసు మొత్తం ఆగమైతున్నది." నేను ఎందుకు అని అడగలేదు, ఎప్పుడు అని అడిగాను. ఆమె కూడా మంచి మనిషి, విసుక్కుంటూనే ఒక చిత్తు కాగితం మీద టైములు రాసింది. ఆ కాగితం చూస్తే లెక్కల పీరియడ్‌లో ఏమీ లేదు, ఆటల్లో ఏమీ లేదు, గొడవంతా తెలుగు చదివించేటప్పుడే. ఆమె వరసగా ఒక్కొక్కరిని లేపి చదివిస్తుంది. వీడి వంతుకు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండగా పక్కవాడికి పెన్సిల్ గుచ్చుతాడు, లేదా పలక పడేస్తాడు. ఆమె బయట నిలబెడుతుంది. వంతు దాటిపోతుంది. బయట నిలబడి వాడు హాయిగా చెట్టు మీది ఉడుతను చూస్తుంటాడు. అందరి ముందు చదవలేక నిలబడటం కన్నా, దెబ్బలాడి బయట నిలబడటం వాడికి మర్యాద. అంత లెక్క కట్టగలిగినవాడికి బుర్ర లేదని మనం ఎట్లా అంటాం?

నర్చర్ గ్రూపులవాళ్లు ఆరు సూత్రాలు రాసుకున్నారు, అందులో ఒకటి ఇదే, పిల్లాడు చేసే ప్రతి పనీ మనకు ఏదో చెప్తుంది అని. ఆరూ చదివి మీకు బోర్ కొట్టించను.

వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే మ, య కలిపేస్తున్నాడు, ఒత్తు వస్తే వదిలేస్తున్నాడు, "పుస్తకం" అన్న మాటను "పుసకం" అంటాడు, "అమ్మ" మాత్రం బొమ్మ చూసి చదువుతాడు. పాఠం మొత్తం విని బట్టీ పట్టాడు, అందుకే రెండో తరగతి దాకా ఎవరికీ దొరకలేదు. మన లిపి సంగతి మీకు తెలుసు, అచ్చులు హల్లులు అయిపోగానే అయిపోదు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిస్తే పిల్లాడు గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. ఏ ఇబ్బందీ లేని పిల్లలకే రెండు మూడేళ్లు పడుతుంది. మేము చేసిన మొదటి పని వాణ్ని హఠాత్తుగా లేపి చదివించడం ఆపడం. "రేపు నీ వంతు ఈ రెండు లైన్లు" అని ముందురోజే చెప్పి, ఇంటికి పోయే ముందు టీచరు పక్కన కూర్చుని ఆ రెండు లైన్లే చదివించింది. పెన్సిల్ గుచ్చుడు మాయమైపోలేదు, తగ్గింది. నేను ఎక్కడా మాయమైందని చెప్పను.

ఇక చాప. దీనికే ఎక్కువ టైమ్ తీసుకుంటాను, ఎందుకంటే వినడానికి ఇదే అన్నింటికన్నా తేలికగా అనిపిస్తుంది, చేస్తే ఇదే కష్టం.

పొద్దున ప్రార్థన అయినాక పావుగంట. ఆరేడుగురు పిల్లలు, అంతకన్నా వద్దు. వరండాలో ఒక మూల, రోజూ అదే మూల. ఒకరు చాప పరుస్తారు, ఒకరు గ్లాసులు పెడతారు, ఒకరు వడ్డిస్తారు, ఎవరి పని ఏమిటో గోడ మీద బొమ్మలతో ఉంటుంది. తినేది ఏదైనా పర్లేదు, ఉడకబెట్టిన పల్లీలు, అటుకులు, 2023లో మన సర్కారు బడుల్లో రాగి జావ మొదలైంది కదా, అది ఇచ్చే రోజు అదే. ఆఖరివాడి గ్లాసులో పడేదాకా ఎవరూ ముట్టరు. టీచరు కూడా అదే చాప మీద కూర్చుని అదే తాగాలి. నిలబడి అజమాయిషీ చేస్తే అది మధ్యాహ్న భోజనం లైను అవుతుంది, ఇది కాదు.

ఇందులో చదువెక్కడుంది అని అడుగుతారు. ఆగడం ఉంది. "నాకు ఇంకొంచెం కావాలి" అని లాక్కోకుండా నోటితో అడగడం ఉంది. ఎంతమందిమి, ఎన్ని గ్లాసులు అనే లెక్క ఉంది. ఇవాళ ఎవరు రాలేదో గుర్తుంచుకోవడం ఉంది. మొదట్లో ఒక పిల్లాడు పల్లీలు పెట్టగానే గుప్పెడు లాగి జేబులో దాచుకునేవాడు. ఏమీ అనొద్దని చెప్పాం. "దాచుకో, రేపు కూడా ఉంటయి" అని మాత్రమే టీచరు అనేది. కొన్ని వారాలకు జేబు ఖాళీగా ఇంటికి పోయింది. అయితే ఒక షరతు, రేపు ఉంటాయని చెప్పినప్పుడు రేపు ఉండి తీరాలి. రేపు లేకపోతే, ఆ తర్వాత మనం చెప్పే ఏ మాటా వాడు నమ్మడు, మూడు రెళ్లు ఆరు అన్నా నమ్మడు.

ఆ కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఉంది చూడండి, అలాంటి ఒక పాపకు అమ్మానాన్న భివండిలో, తను అవ్వ దగ్గర. బడిలో తలూపడమే తప్ప మాట లేదు. ఆమెకు వడ్డించే పని ఇచ్చారు. చాలా రోజులు నోరు విప్పకుండా, గరిటె నుంచి ఒక్క గింజ కింద పడకుండా, కొలిచినట్టు వడ్డించింది. ఒకరోజు టీచరు దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగు తేలింది. పాప వెనక్కి తిరిగి పిల్లలందరితో అన్నది, "మేడమ్‌కు తక్కువ పడ్డయి." అందరూ తమ తమ వాటిలోంచి రెండేసి తీసి ఇచ్చారు. ఆ టీచరు నాకు ఫోన్ చేసి ఈ మాట ఒక్కటే చెప్పి పెట్టేసింది.

ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలని బాక్సాల్ ఎందుకన్నదంటే, ఒకరికి చేతికి సాయం కోసం అని మాత్రమే కాదు. పెద్దవాళ్లు ఇద్దరు ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడుకోవడం, అభిప్రాయం కలవకపోయినా అరుచుకోకపోవడం పిల్లలు కళ్లారా చూడాలి. కొందరికి అది ఇంట్లో చూసే అవకాశం లేదు. మన దగ్గర ఏకోపాధ్యాయ బడుల్లో రెండో మనిషి ఎక్కడ అంటే, వంట అక్క. నేను చూసినంతలో పిల్లలు ముందు అలవాటు పడేది ఆమెకే. అదే ఆవరణలో అంగన్‌వాడీ ఉంటే అక్కడి టీచరమ్మ. కానీ వాళ్లకు కూడా కూర్చోబెట్టి చెప్పాలి, ఊరికే పని అంటగట్టొద్దు, వాళ్లకిచ్చే డబ్బులు ఎంతో, అవి ఎప్పుడు వస్తాయో మనందరికీ తెలుసు.

భాష దగ్గర ఒక్క నిమిషం. తండా నుంచి వచ్చే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, ములుగు దిక్కు అయితే కోయ. బడి ఆవరణలో మన తెలుగు, పుస్తకంలో వేరే తెలుగు, 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగు. ఇన్నింటి మధ్య "నాకు భయమైతున్నది" అని చెప్పడానికి ఆ పిల్లకు మాట ఏ భాషలో దొరకాలి? దొరకకపోతే చెయ్యి లేస్తుంది. చాప మీద వాళ్ల భాషలో మాట్లాడనివ్వండి. మీకు రాకపోతే వాళ్ల దగ్గరే నాలుగు మాటలు నేర్చుకోండి, టీచరు తప్పుగా పలికితే పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వుతో సగం పని అయిపోతుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. 2016లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీవాళ్లు ఉత్తర ఐర్లండ్ బడుల్లోని నర్చర్ గ్రూపులను పరిశీలించారు. పిల్లల నడవడిక, మనసు కుదుటపడటం, నలుగురితో కలవడం బాగా మెరుగైంది. చదువు మార్కుల్లో మాత్రం ఆ ఏడాదిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇది దాచిపెట్టి మీకు ఈ పద్ధతి అమ్మడం నాకు ఇష్టం లేదు. పిల్లాడు కుదురుకున్నాక చదువు దానంతటదే రాదు, చదవడం విడిగా నేర్పాల్సిందే, చదవడం, లెక్కల పునాది కోసం మన బడుల్లో పెట్టిన తొలిమెట్టులో చేసినట్టు వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో అక్కడి నుంచి. చాప పని వాణ్ని నేర్చుకునే చోట కూర్చోబెట్టడం వరకే. నేర్పే పని మనదే.

దానికన్నా ముందు కళ్లు, చెవులు. దయచేసి. చెవి కారే పిల్లలు మన ఊళ్లల్లో ఎంతమందో, సగం వినబడక "మాట వినడు" అనిపించుకునేవాళ్లు ఉన్నారు. బడికొచ్చి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్బీఎస్కే డాక్టర్ల టీమ్ వచ్చినప్పుడు ఈ పిల్లలను ముందు వరసలో నిలబెట్టండి, ఆ రోజు వాళ్లు గైర్హాజరైతే ఇంటికి కబురు పెట్టండి. అన్నీ చూశాక కూడా చదవడం రాకపోతే అప్పుడు డిస్లెక్సియా లాంటి మాట ఎత్తుదాం, అది కూడా మనం పేరు పెట్టొద్దు, పరీక్షించేవాళ్లు పెట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ అభ్యసన వైకల్యం కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో సౌకర్యాలు వస్తాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లు, మానసిక వైద్యులు ఉన్నారు, బుద్ధిమాంద్యం అనుమానముంటే సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. పిల్ల తనను తాను గాయపరుచుకుంటున్నా, ఇంట్లో ఎవరైనా హింసిస్తున్నారని అనుమానం వచ్చినా చాప దగ్గర ఆగొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మనసుకు సంబంధించిన సలహా కావాలంటే టెలీమానస్ 14416, టీచర్లు తమ కోసం కూడా చేసుకోవచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

బాక్సాల్ తోటివాళ్లతో కలిసి 1984లో ఒక ప్రశ్నల పట్టిక తయారుచేసింది, ఒక భాగంలో 34, ఇంకో భాగంలో 34 వాక్యాలు, పిల్లాణ్ని బాగా తెలిసిన టీచరే నింపాలి. అది అక్కడి పిల్లలను చూసి తూకం వేసింది, ఆ మార్కులు తెచ్చి మన పిల్లలకు అతికించొద్దు. ప్రశ్నల తీరు మాత్రం తీసుకోవచ్చు: చెప్పింది చివరిదాకా వింటుందా, ఓడిపోతే తట్టుకుంటుందా, దెబ్బ తగిలితే పెద్దవాళ్ల దగ్గరికి వస్తుందా. ఆ చివరిది తప్పకుండా చూడండి. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఎవరికీ చెప్పకుండా మట్టి రాసుకుని కూర్చునే పిల్లలు ఉంటారు.

వెనక సార్ చెయ్యి ఎత్తారు, ఏం అడుగుతారో తెలుసు. మిగతా ముప్పై మంది సంగతేంటి, వీళ్లకే పల్లీలెందుకు? న్యాయమైన ప్రశ్న. కొన్ని బడుల్లో రోజూ ఇంకో ఇద్దరిని అతిథులుగా పిలుస్తారు, ఎవరిని పిలవాలో చాప పిల్లలే చెప్తారు. దాంతో ఇది శిక్ష గది కాదని, పిచ్చి పిల్లల గది కాదని అందరికీ తెలుస్తుంది. నాకున్న భయం కూడా అదే. అల్లరి చేసినప్పుడల్లా "పో, చాప మీద కూర్చో" అని పంపడం మొదలైతే ఆ రోజే చాప చుట్టి పెట్టేయండి. అలాగే మంచిగా ఉన్నందుకు బహుమతిగా కూడా పెట్టొద్దు, తప్పు చేసినందుకు ఆపొద్దు. వాడు నిన్న కొరికినా ఇవాళ గ్లాసు వాడిది వాడికి ఉంటుంది. ఇది టీచర్లకు మింగుడుపడదని నాకు తెలుసు.

ఇంకొకటి మన శాఖకు చెప్పాల్సింది, ఇక్కడ పైవాళ్లు ఎవరైనా ఉంటే వినాలి. ఇలాంటి పిల్ల ఏడాది పట్టి ఒక టీచరును నమ్ముతుంది. మనం ఆ టీచరును వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని సోమవారం నుంచి ఇంకో బడికి పంపుతాం. సర్వే, ఎన్నికల డ్యూటీ, ట్రైనింగ్ సరేసరి. ఆపడం మన చేతిలో లేదు, కానీ చెప్పడం మన చేతిలో ఉంది. "రేపటి నుంచి మూడు రోజులు నేను రాను, శుక్రవారం వస్తాను, అప్పటిదాకా వంట అక్క ఉంటది" అని క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించాలి. భివండి పోయినప్పుడు ఆ పాప అమ్మ కూడా చెప్పకుండానే పోయింది, మనం కూడా అట్లనే పోవద్దు. దసరా సెలవులైనాక మొదటి రెండు రోజులు, ప్రతి సోమవారం పొద్దున ఈ పిల్లలు మళ్లీ మొదటికి వచ్చినట్టుంటారు, అది సహజం, పాఠం కొంచెం తగ్గించుకోండి. ఐదో తరగతిలో గురుకులం సీటు వచ్చిందని ఇల్లంతా సంబరపడే పూట పిల్లకు పొట్టలో నొప్పి మొదలవుతుంది. వీలైతే చేరేముందు ఒకసారి తీసుకుపోయి బాత్రూంలు ఎక్కడ, పడుకునేది ఎక్కడ, రాత్రి భయమేస్తే ఎవరిని లేపాలి అనేవి చూపించి తీసుకురండి. వార్డెన్‌కు ఒక పేజీ రాసి ఇవ్వండి, తప్పుల చిట్టా కాదు, ఏం చేస్తే పిల్ల కుదుటపడుతుందో అది.

టీ వచ్చినట్టుంది, వాసన వస్తున్నది, ఇక మీరు వినరు. ఒక పని చెప్పి ఆపేస్తాను. రేపటి నుంచి మీ బడిలోని ఆ ఒక్క పిల్లాడి గురించి, లేదా ఆ ఒక్క పిల్ల గురించి, వారం పాటు టైములు రాయండి. ఏ పీరియడ్, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరు ఏం చేశారు, మూడు గళ్లు చాలు. పిల్లల పేర్లు రాయొద్దు. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు తెండి, చాప సంగతి ఆ కాగితాలు చూసి మాట్లాడుకుందాం. సార్, మీ రెండో ప్రశ్న టీ తాగుతూ అడగండి.